సర్వర్ మారింది, మరి పేరు?

డేటాబేస్ సర్వర్‌గా పనిచేసే యంత్రానికి ఆయుష్షు తక్కువ. ఐదారేళ్లు గడిచేసరికి వారంటీ తీరిపోతుంది, విడిభాగాలు దొరకడం కష్టమవుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు ఆగిపోతాయి. అప్పుడు కొత్త యంత్రం కొంటారు. డేటాను దానిలోకి ఎలా చేర్చాలన్న విషయంలో ఈ రంగంలో పెద్ద తగాదా ఏమీ మిగల్లేదు. బ్యాకప్ తీసి రీస్టోర్ చేస్తారు, లేదా రెప్లికేషన్ పెట్టి చివర్లో అటు మళ్లిస్తారు, లేదా స్టోరేజీని పాతదాని నుంచి ఊడదీసి కొత్తదానికి తగిలిస్తారు. తగాదా వచ్చేది ఆ తర్వాత. కొత్త యంత్రానికి పాత పేరే పెట్టాలా? కొత్త పేరు పెట్టి అందరికీ చెప్పుకోవాలా? లేక ఎవరూ యంత్రం పేరుతో పిలవాల్సిన అవసరమే లేకుండా ముందుగానే ఏర్పాటు చేసుకోవాలా?

చూడటానికి చిన్న ప్రశ్న. కానీ ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న డీబీఏలు కూడా దీని మీద ఏకాభిప్రాయానికి రారు. ఎవరి మాట విన్నా సబబుగానే అనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఒకే పేరు మూడు కొలువులు చేస్తోంది. ర్యాక్‌లో ఉన్న ఫలానా పెట్టెను గుర్తుపట్టడం మొదటిది. ఆస్తుల రిజిస్టర్‌లో, మానిటరింగ్ తెర మీద, వారంటీ కాగితాల్లో కనిపించే పేరు ఇది. అప్లికేషన్లకు చిరునామాగా ఉండటం రెండోది. కనెక్షన్ స్ట్రింగుల్లో రాసి ఉండేది ఇదే. మూడోది, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తన గురించి తానే లోపల రాసి పెట్టుకున్న గుర్తింపు. యంత్రం మారినప్పుడు మొదటిది మారడం న్యాయం, రెండోది మారకపోవడం సుఖం. మూడోది ఏమవుతుందన్నది ఏ కంపెనీ డేటాబేస్ వాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వాదించుకునేవాళ్లు చాలాసార్లు ఈ మూడింటిలో తలా ఒకదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు.

పేర్లు ఎక్కడ మొదలయ్యాయి

నెట్‌వర్క్‌లో యంత్రాలకు పేర్లు పెట్టే తంతు ఆర్పానెట్ నాటిది. అప్పటికున్న కొద్దిపాటి హోస్టులకు అందరూ ఒకే తీరు పేర్లు వాడాలని 1971 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 226 ప్రతిపాదించింది. ఆ తర్వాత చాలాకాలం ఎస్‌ఆర్‌ఐలోని నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సెంటర్ పేర్లన్నింటినీ ఒకే ఫైలులో ఉంచేది, మిగతావాళ్లు దాన్ని దించుకునేవారు. ఒక యంత్రం పేరు మారితే ఆ ఫైలు మారాలి, ఆపైన ప్రతిచోటా కొత్త ప్రతి చేరాలి. యంత్రాలు పెరిగేకొద్దీ అది తలకు మించిన పని అయింది.

1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 నేటికీ దానికి పునాది. ఒక పేరు నిజానికి ఇంకో పేరుకు మారుపేరేనని చెప్పే సీనేమ్ రికార్డు ఆ రూపకల్పనలో మొదటి నుంచీ ఉంది. అంటే ఈ తగాదాకు కనీసం సగం మందు నాలుగు దశాబ్దాల కిందటే సిద్ధమైంది. అది చేతికి అందేచోటే ఉన్నా వాడనివాళ్లు ఎక్కువ.

డాన్ లిబెస్ 1990 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 1178 రాశారు. కంప్యూటర్‌కు పేరు ఎలా ఎంచుకోవాలన్నదే దాని విషయం. ఆ యంత్రానికి మాత్రమే చెందిన ప్రాజెక్టు పేరును దానికి పెట్టొద్దన్నది అందులోని సలహాల్లో ఒకటి. ప్రాజెక్టు పోతుంది, పేరు మాత్రం అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక విషయానికి చెందిన పేర్ల వరుస తీసుకుని యంత్రాలకు పంచమని కూడా ఆయన చెప్పారు. గ్రహాలు, పురాణ పాత్రలు, పక్షుల పేర్లు సర్వర్లకు పెట్టే అలవాటు ఆ తరానిది. కార్పొరేట్ కాలం వచ్చాక ఊరు, వాడకం, సాఫ్ట్‌వేర్, వరుస సంఖ్య అన్నీ కుదించి ఒకే పేరులో కుక్కడం మొదలైంది. విండోస్ ప్రపంచంలో నెట్‌బయాస్ విధించిన 15 అక్షరాల పరిమితి వల్ల ఆ కుదింపు మరీ ముదిరింది. ఇలాంటి పేర్లే తగాదాను పెంచాయి. పేరులో 2008 అని ఉన్న సర్వర్‌లో 2019 వెర్షన్ నడుస్తుంటే, పేరులో ముంబయి అని ఉన్న యంత్రం హైదరాబాద్ డేటా సెంటర్‌లో ఉంటే, ఆ పేరును కొనసాగించడం సౌకర్యమో అబద్ధమో చెప్పడం కష్టం.

పాత పేరే ఉంచాలనే పక్షం

ఈ పక్షానిది ప్రాక్టికల్ వాదన. పదేళ్లు నడిచిన డేటాబేస్‌కు ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారో పూర్తి జాబితా ఏ సంస్థ దగ్గరా ఉండదు. వెబ్ అప్లికేషన్ల సంగతి తెలుస్తుంది. ఎవరో అకౌంటెంట్ తన ఎక్సెల్ షీటులో పెట్టుకున్న ఓడీబీసీ లింకు సంగతి, సోర్సు కోడు కూడా దొరకని పాత రిపోర్టింగ్ ప్రోగ్రామ్ సంగతి, మరో శాఖ రాత్రి 2 గంటలకు నడిపే ఫైలు లోడింగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. పేరు మారకపోతే వీళ్లెవరికీ తెలియకుండానే పని జరిగిపోతుంది. పాత యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించి, దాని పేరు, కుదిరితే ఐపీ అడ్రసు కూడా కొత్తదానికి ఇచ్చేస్తే సోమవారం ఉదయం ఎవరూ ఫోన్ చేయరు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల సర్వర్లు చూసుకునే డీబీఏలకు వారాంతంలో దొరికే ఆ కొద్ది గంటల డౌన్‌టైమ్‌లో ఇంతకంటే ఆకర్షణీయమైన దారి ఉండదు.

ఎదుటి పక్షం చెప్పే మొదటి లోపం, ఒకే పేరున్న రెండు యంత్రాలు ఒకేసారి బతికుండలేవన్నది. కొత్తదాన్ని తీరిగ్గా అసలు పేరుతో పరీక్షించే వీలు లేదు. తాత్కాలిక పేరుతో నిలబెట్టాలి, చివరి రాత్రి పేరు మార్చాలి. అంటే ఆ రాత్రి చేసే పనుల్లో అన్నిటికంటే తక్కువ పరీక్షించింది పేరు మార్పే అవుతుంది.

యాక్టివ్ డైరెక్టరీ ఇంకో చిక్కు. డొమైన్‌లో ప్రతి యంత్రానికీ ఒక ఖాతా, దానికో పాస్‌వర్డు ఉంటాయి. అదే పేరుతో కొత్త యంత్రం చేరితే ఆ ఖాతా కొత్తదాని సొంతమవుతుంది, పాతదానికి డొమైన్‌తో ఉన్న నమ్మకం తెగిపోతుంది. మళ్లీ పాతదాన్ని లేపాల్సి వస్తే దాన్ని తిరిగి డొమైన్‌లో చేర్చాలి. 2022 అక్టోబరు సెక్యూరిటీ అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఈ దారిని ఇంకా ఇరుకు చేసింది. అప్పటికే ఉన్న కంప్యూటర్ ఖాతాను ఎవరు పడితే వాళ్లు డొమైన్ జాయిన్ సమయంలో తిరిగి వాడుకోకుండా ఆంక్షలు పెట్టింది. అంతకుముందు రాసుకున్న పని జాబితాలను నమ్ముకున్నవాళ్లకు అర్ధరాత్రి ఎర్రర్ కనిపించే అవకాశం అక్కడ ఉంది.

సాఫ్ట్‌వేర్ లోపల అచ్చయిన పేరు

ఈ చర్చలో అసలు సరుకంతా ఇక్కడుంది. ఎవరు ఏ డేటాబేస్ మీద పని నేర్చుకున్నారో దాన్ని బట్టే వాళ్ల అభిప్రాయం ఏర్పడిందనిపిస్తుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ తన పేరును మాస్టర్ డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటుంది. విండోస్‌లో కంప్యూటర్ పేరు మార్చినంత మాత్రాన అది మారదు. సర్వర్‌ప్రాపర్టీ ఫంక్షన్‌ను అడిగితే కొత్త పేరు చెబుతుంది, గ్లోబల్ వేరియబుల్ సర్వర్‌నేమ్‌ను అడిగితే పాతదే చెబుతుంది. ఒకే సర్వర్ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇస్తుందన్నమాట. ఎస్‌పీ డ్రాప్‌సర్వర్‌తో పాత పేరు తీసేసి, ఎస్‌పీ యాడ్‌సర్వర్‌తో కొత్తదాన్ని లోకల్ అని చేర్చి, సర్వీసును రీస్టార్ట్ చేస్తే గానీ రెండూ ఒకటి కావు. నేమ్డ్ ఇన్‌స్టెన్స్ అయితే కంప్యూటర్ పేరు భాగమే మారుతుంది, ఇన్‌స్టెన్స్ పేరు మారదు. రెప్లికేషన్‌లో ఉన్న సర్వర్ పేరు మార్చడాన్ని మైక్రోసాఫ్ట్ సాధారణంగా సపోర్టు చేయదు; రెప్లికేషన్ విప్పి మళ్లీ కట్టుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 కాలంలోనైతే ప్రతి జాబ్ పక్కనా అది పుట్టిన సర్వర్ పేరు నమోదై ఉండేది. పేరు మారాక ఆ జాబ్‌ను తాకబోతే, ఇది వేరే మాస్టర్ సర్వర్ నుంచి వచ్చిందంటూ 14274 ఎర్రర్ ఇచ్చేది. తన జాబ్‌ను తానే పరాయిదనుకునేది.

ఒరాకిల్ మనుషులకు ఇదంతా వింతగా ఉంటుంది. అక్కడ డేటాబేస్ పేరు వేరు, యంత్రం పేరు వేరు. డేటాబేస్ పేరు మార్చాలంటే 9ఐ రిలీజ్ 2 నుంచి ఎన్‌ఐడీ అనే ప్రత్యేక సాధనం ఉంది. యంత్రం పేరు మారితే చూసుకోవాల్సింది ముఖ్యంగా లిజనర్ ఫైలు. క్లయింట్ వైపు టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైలులో ఒక పేరు, దాని వెనుక అసలు చిరునామా ఉంటాయి. అందువల్ల అడ్డుతెర అనే ఆలోచన ఒరాకిల్ డీబీఏకు ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే అలవాటవుతుంది. ఈ అలవాటుకూ హద్దుంది. ఆర్‌ఏసీ క్లస్టర్‌లో చేరిన నోడ్ పేరును ఆ తర్వాత మార్చలేరు; దాన్ని క్లస్టర్ నుంచి తీసేసి కొత్త పేరుతో మళ్లీ చేర్చడమే మార్గం.

మైఎస్‌క్యూఎల్‌లో పేరు దాక్కునే చోటు ఫైళ్ల పేర్లు. రెప్లికా మీద రిలే లాగ్ ఫైళ్లకు ప్రత్యేకంగా పేరు ఇవ్వకపోతే హోస్ట్ పేరుతోనే అవి తయారవుతాయి. హోస్ట్ పేరు మారాక సర్వర్ కొత్త పేరుతో ఫైళ్లు వెతుక్కుని, దొరక్క రెప్లికేషన్ ఆపేస్తుంది. బైనరీ లాగ్ విషయంలో ఈ అలవాటు 8.0 వెర్షన్‌తో మారింది. డిఫాల్ట్ పేరులోంచి హోస్ట్ పేరు పోయింది. ఇంకో ఉచ్చు దీనికి తలకిందులుగా ఉంటుంది. డేటా డైరెక్టరీని యథాతథంగా కాపీ చేస్తే ఆటో డాట్ సీఎన్‌ఎఫ్ ఫైలులోని సర్వర్ యూయూఐడీ కూడా వచ్చేస్తుంది. రెండు యంత్రాల పేర్లు వేరు, గుర్తింపు మాత్రం ఒకటే అవుతుంది. వాటి మధ్య రెప్లికేషన్ పెడితే రెప్లికా మొరాయిస్తుంది. పేరు మార్చినంత మాత్రాన గుర్తింపు మారదని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ హోస్ట్ పేరును పట్టించుకోదు. లోపల ఒక సిస్టమ్ ఐడెంటిఫయర్ అంకె ఉంటుంది, అంతే. అందుకే ఈ తగాదా ఆ శిబిరంలో పెద్దగా వినిపించదు. కానీ పాత పేరే ఉంచడంలోని అసలు ప్రమాదం బాగా కనిపించేది కూడా అక్కడే. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28 అక్షరాలను వరుసలో పెట్టే నియమాలను మార్చింది. డెబియన్ 10, రెడ్‌హ్యాట్ 8 దాంతోనే వచ్చాయి. పాత లినక్స్ నుంచి కొత్త యంత్రం మీది కొత్త లినక్స్‌కు డేటా ఫైళ్లను నేరుగా తరలించినవాళ్ల టెక్స్ట్ ఇండెక్సులు పాత వరుసలో ఉండిపోయాయి. ఉన్న రికార్డు లేదనడం, ఒకటే ఉండాల్సిన విలువ రెండుసార్లు చేరడం లాంటివి జరుగుతాయి; ఆ ఇండెక్సులను తిరిగి కట్టాలి. పేరు అదే, ఐపీ అదే, డేటా అదే కాబట్టి అప్లికేషన్ వైపు వాళ్లకు ఏదో మారిందన్న అనుమానమే రాదు. ఎవరూ గమనించకుండా పని జరిగిపోవడం పాత పేరు పక్షం చెప్పుకునే గొప్ప. తప్పును కూడా అలాగే ఎవరూ గమనించరు.

కొత్త పేరు పక్షం

వీళ్లది క్రమశిక్షణ వాదం. యంత్రం కొత్తదైతే పేరూ కొత్తదే ఉండాలి, లాగులు చదివేటప్పుడు ఏది ఏదో తెలియాలి. మానిటరింగ్ గ్రాఫులో సీపీయూ వాడకం హఠాత్తుగా సగానికి పడితే, అది యంత్రం మారడం వల్లనా, లోడు తగ్గడం వల్లనా అన్నది పాత పేరే ఉంటే గీత చూసి చెప్పలేం. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన జాబితాను క్లయింట్ పేరు కిందనే పెట్టుకుంటే, ఒకే పేరు కింద రెండు యంత్రాల చరిత్ర కలిసిపోతుంది. ఆడిట్ వచ్చినప్పుడు ఫలానా తేదీన ఫలానా సర్వర్ అంటే ఏ పెట్టె అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

అన్నిటికంటే బలమైన పాయింటు మరొకటి. రెండు యంత్రాలూ పక్కపక్కన బతికుంటాయి. కొత్తదాన్ని వారాల పాటు అసలు పేరుతోనే పరీక్షించవచ్చు. అప్లికేషన్లను ఒక్కొక్కటిగా మళ్లించవచ్చు. రాత్రికి రాత్రి అన్నీ మార్చాల్సిన పని లేదు. అయితే చివరి మాటలో కొంచెం మోసముంది. రెండు యంత్రాల్లోనూ ఒకేసారి రాతలు జరిగితే డేటా చీలిపోతుంది. కేవలం చదువుకునే అప్లికేషన్లకు తప్ప, ఒకే డేటాబేస్‌కు రాసేవాటికి ఈ తీరిక దొరకదు.

ఈ పక్షం బలహీనత అందరికీ తెలిసిందే. కనెక్షన్ స్ట్రింగులన్నీ వెతికి మార్చాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లింక్డ్ సర్వర్ పేరుతో రాసిన నాలుగు భాగాల టేబుల్ పేర్లు స్టోర్డ్ ప్రొసీజర్ల లోపల ఉంటాయి, అవీ మార్చాలి. మార్చగానే అయిపోదు. ఐదేళ్ల తర్వాత హార్డ్‌వేర్ మళ్లీ మారుతుంది, మళ్లీ ఇదే పని.

ఎలియాస్ మార్గం

తెలుగు ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. మామగారి పేరు నోటితో పలకలేని కోడలు ఆ పిల్లవాణ్ణి నాని అనో చిన్నా అనో పిలుచుకుంటుంది. రికార్డులో ఒక పేరు, పిలుపుకు ఒక పేరు; రెండింటికీ పేచీ లేదు. ఎలియాస్ పక్షం చెప్పేది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. యంత్రానికి ఏ పేరైనా ఉండనీ, అప్లికేషన్లు మాత్రం పేరోల్ డేటాబేస్ అనో బిల్లింగ్ డేటాబేస్ అనో ఒక సేవ పేరుతో రావాలి. ఆ పేరు డీఎన్‌ఎస్‌లో ఒక సీనేమ్. యంత్రం మారినప్పుడు ఆ ఒక్క రికార్డు మారుతుంది.

వినడానికి ఇది తీర్పులాగే ఉంటుంది, చాలావరకు తీర్పే కూడా. ఈ సమీక్షకుడి మొగ్గు కూడా ఇటే. కానీ దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పేవాళ్లు కొన్ని విషయాలు దాటేస్తారు.

టీటీఎల్ మొదటిది. రికార్డు మార్చినా, పాత జవాబును గుర్తు పెట్టుకున్న యంత్రాలు గడువు తీరేదాకా పాతచోటికే వెళతాయి. విండోస్ క్లస్టర్‌లో నెట్‌వర్క్ పేరు రికార్డుకు డిఫాల్ట్ గడువు 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. కటోవర్‌కు ఒక రోజు ముందే దీన్ని తగ్గించి పెట్టుకోవాలి. మార్పు జరిగే క్షణంలో తగ్గిస్తే లాభం లేదు. జావా అప్లికేషన్లు వాటి సెట్టింగులను బట్టి, డీఎన్‌ఎస్ గడువుతో సంబంధం లేకుండా సొంతంగా గుర్తు పెట్టుకోగలవు. కనెక్షన్ పూల్ సంగతి మరీ విడ్డూరం. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్‌కు పేరుతో పనే లేదు. పాత సర్వర్‌ను నిజంగా ఆపేస్తే గానీ అది కొత్తదాని వైపు చూడదు.

కెర్బెరోస్ రెండోది. విండోస్ లాగిన్‌తో వచ్చే క్లయింట్, సర్వర్ పేరుతో నమోదైన సర్వీస్ ప్రిన్సిపల్ నేమ్ కోసం టికెట్ అడుగుతుంది. ఎలియాస్‌తో వచ్చినప్పుడు ఏ పేరుతో అడుగుతుందన్నది డ్రైవరును బట్టి, రికార్డు రకాన్ని బట్టి మారుతుంది. ఆ నమోదు లేకపోతే మెల్లగా ఎన్‌టీఎల్‌ఎమ్‌కు దిగిపోతుంది. కనెక్షన్ కుదురుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఒక సర్వర్ మీదుగా ఇంకో సర్వర్‌కు వెళ్లాల్సిన లాగిన్లు మాత్రం విఫలమవుతాయి. పాత యంత్రం నమోదు తీసేయకుండా అదే పేరును మరో ఖాతా కింద కూడా నమోదు చేస్తే అసలు టికెట్టే రాదు.

మూడోది సర్టిఫికెట్. ఒకప్పుడు కార్యాలయం లోపలి నెట్‌వర్క్‌లో డేటాబేస్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసేవాళ్లు తక్కువ కాబట్టి ఏ పేరుతో వచ్చినా నడిచేది. 2022లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ డ్రైవర్ 18 నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్ అయింది, దాంతోపాటే సర్టిఫికెట్ తనిఖీ కూడా. క్లయింట్ వాడే పేరు సర్టిఫికెట్‌లో ఉండాల్సిందే. సర్టిఫికెట్ తయారు చేసేటప్పుడే యంత్రం పేరుతోపాటు ఎలియాస్‌లు కూడా చేర్చుకోవాలి.

చాలామంది ఆచరణలో వాడేది ఒక మిశ్రమ పద్ధతి. కొత్త యంత్రానికి కొత్త పేరు పెట్టి, పాత యంత్రం పేరునే ఎలియాస్‌గా మార్చేస్తారు. క్లయింట్ల వైపు ఏదీ మార్చక్కర్లేదు, ఎలియాస్ కూడా వచ్చేస్తుంది. మొదటిసారి ఈ దారిలోకి వచ్చేవాళ్లకు ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఇందులో జారిపోయే చోటు ఒకటే: పాత యంత్రాన్ని ఎందుకైనా మంచిదని నెట్‌వర్క్‌లో ఉంచేస్తే, అది తన పేరును డీఎన్‌ఎస్‌లో మళ్లీ తానే నమోదు చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. సీనేమ్ ఉన్నచోట అదే పేరుతో వేరే రికార్డు ఉండకూడదన్నది డీఎన్‌ఎస్ నియమం. పాతదాని పేరు ముందుగా మార్చాలి, లేదా దాన్ని పూర్తిగా ఆపాలి.

అడ్డుతెరను డీఎన్‌ఎస్‌లో కాకుండా వేరేచోట పెట్టేవాళ్లూ ఉన్నారు. ప్రతి క్లయింట్ యంత్రంలోనూ ఎస్‌క్యూఎల్ ఎలియాస్ రాసిపెట్టే పాత పద్ధతిలో 32 బిట్, 64 బిట్ ప్రోగ్రాములకు విడివిడిగా రాయాలి. ఒకటి మరిచిపోవడం పరిపాటి. పీజీబౌన్సర్, హెచ్‌ఏప్రాక్సీ లాంటి ప్రాక్సీని మధ్యలో నిలబెట్టడం మరో పద్ధతి. అప్పుడు ఆ ప్రాక్సీ పేరు సంగతేమిటన్న ప్రశ్న మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 10 నుంచి క్లయింట్ లైబ్రరీకే ఒకటికి మించి హోస్టుల పేర్లు ఇచ్చి, వాటిలో రాతకు వీలున్నదాన్ని ఎంచుకోమనవచ్చు. కటోవర్‌కు ముందే కొత్త పేరును జాబితాలో చేర్చి ఉంచుకునే వీలు ఇందులో ఉంది. దీనికి రావాల్సినంత ప్రచారం రాలేదు.

పేరుకే విలువ లేదనేవాళ్లు

సర్వర్లను ముద్దుగా పెంచుకునే జంతువుల్లా కాక మందలోని పశువుల్లా చూడాలన్న మాట 2012 ప్రాంతంలో క్లౌడ్ ప్రపంచమంతా పాకింది. దాన్ని వ్యాప్తి చేసింది రాండీ బయాస్. మొదట వాడింది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన బిల్ బేకర్, అదీ ఎస్‌క్యూఎల్ సర్వర్ గురించి ఇచ్చిన ప్రసంగంలో. పేర్లు వద్దు, నంబర్లు చాలన్న సిద్ధాంతం డేటాబేస్ మనిషి నోటి నుంచి రావడం, చివరికి డేటాబేస్‌ల దగ్గరే అది తడబడటం ఈ కథలో తమాషా.

కుబెర్నెటీస్ తొలినాళ్లలో ప్రతి పాడ్‌కూ యాదృచ్ఛికమైన పేరే ఉండేది. డేటాబేస్‌లకు అది సరిపోలేదు. 2016లో పెట్‌సెట్ అనే ఏర్పాటు తెచ్చారు, అదే ఏడాది డిసెంబరులో 1.5 వెర్షన్‌తో దాని పేరు స్టేట్‌ఫుల్‌సెట్ అయింది. అందులో ప్రతి పాడ్‌కూ వరుస సంఖ్యతో స్థిరమైన పేరు ఉంటుంది. కింద యంత్రం మారి పాడ్ వేరేచోట లేచినా పేరూ స్టోరేజీ అవే. పాత పేరు పక్షం కోరుకున్నది సరిగ్గా ఇదే.

అమెజాన్ ఆర్‌డీఎస్ సంగతి కూడా అంతే. అక్కడ వినియోగదారుడికి యంత్రం కనిపించదు, ఎండ్‌పాయింట్ పేరు మాత్రమే కనిపిస్తుంది. ఎలియాస్ పక్షం పూర్తిగా నెగ్గిందనుకునే చోటు అది. 2022 నవంబరులో వచ్చిన బ్లూ గ్రీన్ డిప్లాయ్‌మెంట్ ఏర్పాటులో స్విచోవర్ జరిగినప్పుడు కొత్త డేటాబేస్‌కు పాతదాని పేరు ఇచ్చి, పాతదాని పేరు చివర ఓల్డ్1 అని తగిలిస్తారు. వారాంతపు రాత్రుల్లో డీబీఏలు చేతితో చేసిన పనినే మెషీన్ చేత చేయించారు. తేడా ఏమిటంటే, పేరు మార్చే ముందు రెండువైపులా రాతలు ఆపడం, రెప్లికేషన్ అందుకుందో లేదో చూడటం కూడా అదే చేస్తుంది. పాత పేరు పద్ధతి తప్పా, దాన్ని చేతితో చేయడం తప్పా అన్న అనుమానం దీన్ని చూస్తే వస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

కటోవర్ రాత్రి శ్రమ కొత్త పేరు పక్షానికి ఎక్కువ, పాత పేరు పక్షానికి తక్కువ. ఎలియాస్ ముందే ఉన్నవాళ్లకు దాదాపు లేదు. ముందస్తు పరీక్షలో వరుస తిరగబడుతుంది. పాత పేరు వాళ్లే వెనకబడతారు.

వెనక్కి తగ్గాల్సి వస్తే ఎలియాస్‌లో ఒక రికార్డు చాలు. పాత పేరు పద్ధతిలో రెండు యంత్రాలకూ మళ్లీ పేర్లు మార్చాలి. కానీ ఈ పోలికను అతిగా నమ్మకూడదు. కొత్త సర్వర్‌లో ఒక్క గంట బిల్లులు పడ్డాక, పేరు వెనక్కి తిప్పినంత మాత్రాన ఆ బిల్లులు పాత సర్వర్‌లోకి రావు. వెనక్కి వెళ్లే దారి కావాలంటే కొత్తదాని నుంచి పాతదానికి డేటా పారే ఏర్పాటు వేరుగా చేసుకోవాలి, అది ఏ పక్షానికైనా ఒకటే. ఐదేళ్ల తర్వాతి ఖర్చు విషయంలో మాత్రం ఎలియాస్‌కు పోటీ లేదు.

చిన్న సంస్థలో, ఒకే సర్వర్, రెండు అప్లికేషన్లు ఉన్నచోట ఈ చర్చంతా అనవసరం. పాత పేరు పెట్టి పని ముగించుకోవచ్చు. రెప్లికేషన్, క్లస్టర్, లింక్డ్ సర్వర్లు ఉన్నచోట యంత్రం పేరు మార్చే ఆలోచనే పెట్టుకోకుండా, కొత్త యంత్రాన్ని మొదటి నుంచీ దాని సొంత పేరుతో ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు.

ఇంకా తేలనివి

ఎలియాస్ ఒక్కో సర్వర్‌కు ఒకటి చాలా, ఒక్కో డేటాబేస్‌కా, ఒక్కో అప్లికేషన్‌కా? అప్లికేషన్‌కు ఒకటి ఉంటే రేపు ఒక డేటాబేస్‌ను వేరే యంత్రానికి విడదీయడం తేలిక, పేరోల్ వాళ్లను కదపకుండా బిల్లింగ్‌ను మార్చవచ్చు. కానీ వందల రికార్డులు, వాటన్నిటికీ సర్టిఫికెట్లు, ప్రిన్సిపల్ నేమ్‌లు ఎవరు చూసుకుంటారు? డీఎన్‌ఎస్ నెట్‌వర్క్ టీమ్ చేతిలో, సర్టిఫికెట్లు సెక్యూరిటీ టీమ్ చేతిలో, డేటాబేస్ డీబీఏ చేతిలో ఉండే పెద్ద సంస్థల్లో ఎలియాస్‌కు యజమాని ఎవరన్నది ఇప్పటికీ తేలని పంచాయితీ. ఆ మాట తేలకపోవడం వల్లే పాత పేరు దారి పట్టే సంస్థలు తక్కువేమీ కాదు.

పాత పేరును ఎప్పుడు తీసేయాలన్నది మరో ప్రశ్న. డీఎన్‌ఎస్ సర్వర్ లాగులో ఆ పేరును ఎవరు అడుగుతున్నారో నెల రోజులు చూస్తే చాలంటారు కొందరు. నెలాఖరు జాబ్‌లు దొరుకుతాయి నిజమే. మూడు నెలలకోసారి నడిచేవి దొరకవు. మన దేశంలో ఖాతాలు ముగిసేది మార్చి 31న కాబట్టి, ఏడాదికి ఒకేసారి నడిచే ప్రోగ్రాములు బయటపడేది ఏప్రిల్ మొదటి వారంలోనే. జులైలో సర్వర్ మార్చినవాళ్లు కనీసం అప్పటిదాకా పాత పేరును డీఎన్‌ఎస్‌లో ఉంచాల్సి ఉంటుంది. దాన్ని ఉంచినన్నాళ్లూ ఎవరో ఒకరు కొత్త ప్రోగ్రాములో కూడా ఆ పేరే రాస్తుంటారు.